ఉప్పుగాలిలో మడత చాకు

వానాకాలంలో ఉప్పు డబ్బా మూత తీస్తే లోపల రాళ్లుప్పు చెమ్మగిల్లి కనిపిస్తుంది. నౌపడలో, భావనపాడులో, బారువలో ఏ వంటింట్లోనైనా ఇదే తంతు. డబ్బాలో ఎవరూ నీళ్లు పోయలేదు. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు ఆ తేమను తనే పీల్చుకుని కరగడం మొదలుపెడుతుంది. సముద్రపు ఉప్పులో కలిసి ఉండే మెగ్నీషియం క్లోరైడుకు అంత కూడా అక్కర్లేదు, 33 శాతం చాలు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం తీరంలో గాలి అంతకంటే పొడిగా ఉండే రోజులు అరుదు. అలల మీంచి లేచి గాలిలో తేలివచ్చే తుంపర ఏ ఇనుప వస్తువు మీద వాలినా అక్కడ కంటికందనంత చిన్న ఉప్పునీటి మడుగు తయారవుతుంది. కిటికీ ఊచలు పొరలు పొరలుగా రాలేది, సైకిలు చెయిను బిగుసుకుపోయేది, జేబులోని చాకు తెరుచుకోనని మొండికేసేది అందువల్లే.

మందస, పలాస, వజ్రపుకొత్తూరు, సోంపేట, కవిటి మండలాల్లో మడత చాకు షోకు వస్తువు కాదు. ఎరువు బస్తా కుట్టు విప్పాలన్నా, తోటలో నీటి గొట్టం కోయాలన్నా, వలలో చిక్కుబడ్డ నైలాను తాడు తెంపాలన్నా, మధ్యాహ్నం గట్టు మీద కూర్చుని ఉల్లిపాయ కోసుకోవాలన్నా అదే అక్కరకొస్తుంది. కత్తిపీట ఇంట్లో ఉంటుంది, కొడవలి చేలో ఉంటుంది, చాకు మనిషి వెంట ఉంటుంది. మనిషి వెంట ఉండడమంటే అతని చెమటలో ఉండడమే. చెమటా ఉప్పునీరే.

చాకును మడిచి పిడిలో దాచాలన్న ఆలోచన చాలా పాతది. ఆస్ట్రియాలోని హాల్‌స్టాట్‌లో ఎముక పిడి ఉన్న మడత చాకు ఒకటి దొరికింది. అది క్రీస్తుపూర్వం 600-500 మధ్య కాలానిదని అంచనా. హాల్‌స్టాట్ వేల ఏళ్లుగా ఉప్పు గనులకు పేరుపడ్డ ఊరు కావడం ఒక తమాషా. ఆ తర్వాత రోమన్లూ మడత చాకులు వాడారు. వాటిలో చాలావాటికి స్ప్రింగు లేదు. పిడికీ అలుగుకూ మధ్య రాపిడి ఎంత ఉంటే అంతే పట్టు. పదిహేడో శతాబ్దంలో ఇంగ్లండులోని షెఫీల్డు కమ్మరులు పిడి వీపున ఉక్కు స్ప్రింగు అమర్చడం వాడుకలోకి తెచ్చారు. తెరిచినప్పుడు టక్కుమని నిలబడి, మూసినప్పుడు చప్పున లోపలికి పోయే చాకు అలా పుట్టింది. దాని యంత్రాంగం అక్కడితో దాదాపు కుదురుకుంది. కుదురుకోనిది అలుగు లోహం. ఆ కథ తెలుగు నేల మీదుగా నడిచింది.

ఇప్పటి నిజామాబాద్ జిల్లాలోని కోనసముద్రంలో కమ్మరులు మట్టి మూసల్లో ఇనుప ముక్కలు, బొగ్గునిచ్చే పదార్థాలు వేసి, మూత బిగించి, కొలిమిలో గంటల తరబడి కాచి ఉక్కు ముద్దలు తీసేవారు. ఆ ముద్దల కోసం పారశీక వర్తకులు ఇస్ఫహాన్ నుంచి వచ్చి ఊళ్లోనే మకాం వేసి, తయారీని దగ్గరుండి చూసుకుని కొనుక్కుపోయేవారు. 1820ల్లో హెన్రీ వాయ్సీ అనే ఇంగ్లీషు వైద్యుడు, భూగర్భ శాస్త్రజ్ఞుడు ఈ పద్ధతిని కళ్లారా చూసి రాసిన వివరం 1832లో అచ్చయింది. యూరపు ఈ లోహాన్ని ‘వూట్జ్’ అంది. అది కన్నడ, తెలుగు భాషల ‘ఉక్కు’ మాటకు వచ్చిన వికారమేనని ఎక్కువమంది పండితులు ఒప్పుకుంటారు.

1790ల్లో బొంబాయి నుంచి కొన్ని వూట్జ్ ముద్దలు లండన్ రాయల్ సొసైటీ అధ్యక్షుడు జోసెఫ్ బ్యాంక్స్‌కు చేరాయి. ఆయన కోరిక మీద జేమ్స్ స్టోడార్ట్ అనే కత్తుల తయారీదారు ఒక ముక్కను సాగగొట్టి చేసినది యుద్ధఖడ్గం కాదు, ఈకకలం చెక్కుకునే చిన్న చాకు. జార్జ్ పియర్సన్ అనే వైద్యుడు 1795లో రాయల్ సొసైటీకి సమర్పించిన పత్రంలో ఈ పరీక్షల ముచ్చట ఉంది. స్టోడార్ట్ ఆ లోహానికి దాసుడైపోయాడు. దుకాణం ప్రకటన పత్రం మీద కూడా వూట్జ్ పేరు వేయించుకున్నాడు. తర్వాత కమ్మరి కొడుకైన మైకేల్ ఫారడే ఆయనతో జతకట్టాడు. విద్యుత్తు శాస్త్రంలో పేరు రాకముందు ఫారడే ఏళ్ల తరబడి చేసిన పని ఇదే. భారతదేశపు ఉక్కులో అంతటి పదును ఎక్కడిదో కనిపెట్టాలని ఇద్దరూ ఇనుములో వెండి, ప్లాటినం, రోడియం వంటివి కలిపి చూశారు. 1820లో తొలి పత్రం, 1822లో రెండోది వెలువడ్డాయి.

మొదటి పత్రం ఫ్రాన్సులో పియెర్ బెర్తియే అనే గనుల ఇంజనీరును కదిలించింది. ఆయన 1821లో ఇనుములో క్రోమియం కలిపి చూశాడు. క్రోమియం పెరిగేకొద్దీ ఆమ్లాలు దాన్ని ముట్టుకోలేకపోతున్నాయని రాశాడు. ఆ లోహంతో ఒక చాకు, ఒక మంగలికత్తి చేయించాడు కూడా. అక్కడితో ఆ పని ఆగింది. అప్పటి క్రోమియం మిశ్రమాల్లో కార్బన్ మితిమీరి ఉండేది. క్రోమియం ఎక్కువైతే లోహం పెళుసెక్కి పగిలేది, తక్కువైతే తుప్పు ఆగేది కాదు. కార్బన్‌కూ క్రోమియంకూ మధ్య తగవు అప్పుడే మొదలైంది. రెండు వందల ఏళ్లు గడిచినా చాకు కొనేవాడు తేల్చుకోవాల్సింది ఇంకా ఆ తగవే.

ఆ లోహం మళ్లీ చాకుల దాకా రావడానికి తొంభై ఏళ్లు పట్టింది. షెఫీల్డులోని బ్రౌన్-ఫర్త్ ప్రయోగశాలలో హ్యారీ బ్రియర్లీ తుపాకీ గొట్టాలు లోపల త్వరగా అరిగిపోతున్నాయన్న సమస్య మీద పనిచేస్తున్నాడు. ఆయన ఉక్కు కరిగించే కార్మికుడి కొడుకు, ప్రయోగశాలలో సీసాలు కడిగే కుర్రవాడిగా పనిలో చేరినవాడు. 1913 ఆగస్టు 13న 12.8 శాతం క్రోమియం, 0.24 శాతం కార్బన్ ఉన్న ఉక్కు కరిగించాడు. సూక్ష్మదర్శిని కింద చూడడానికి మామూలుగా వాడే ఆమ్లంతో తుడిస్తే ఆమ్లం దాన్ని దాదాపు తినలేకపోయింది. తుపాకుల వాళ్లకు దాని మీద ఆసక్తి లేకపోయినా బ్రియర్లీకి చాకులు గుర్తొచ్చాయి. నిమ్మరసం, వెనిగర్ తగిలిన ప్రతిసారీ నల్లబడే బల్లచాకులను తోమి తోమి అలసిపోయే ఇళ్లు ఆ రోజుల్లో లక్షల్లో ఉండేవి.

చాకులు తయారుచేసే ఒక సంస్థలో పనిచేసే ఎర్నెస్ట్ స్టువర్ట్ ఆ ఉక్కుతో చేసిన చాకును వెనిగర్‌లో ముంచి చూసి, మరక పట్టనిదనే అర్థంలో ‘స్టెయిన్‌లెస్’ అన్నాడు. ఆ మాటే స్థిరపడింది. తొలి చాకులు మాత్రం నవ్వులపాలయ్యాయి. కొత్త ఉక్కుకు ఎంత వేడి ఇవ్వాలో కమ్మరులకు అంతుపట్టలేదు. మరక పట్టని చాకు కోయను కూడా కోయలేదని ఎగతాళి చేశారు. సరైన ఉష్ణోగ్రత దొరికాక ఆ మాట సద్దుమణిగింది.

అదే కాలంలో స్విట్జర్లండులో కార్ల్ ఎల్సెనర్ అనే చాకుల తయారీదారు ఉన్నాడు. ఇబాక్‌లో 1884లో దుకాణం తెరిచి, 1891లో స్విస్ సైన్యానికి మడత చాకులు అందించాడు. 1897 జూన్ 12న ఒకే స్ప్రింగు మీద ఎక్కువ పనిముట్లు నిలిచే తేలిక చాకుకు హక్కు నమోదు చేయించాడు. 1909లో తల్లి విక్టోరియా పోయాక ఆమె పేరు తన సరుకుకు పెట్టుకున్నాడు. 1921లో తుప్పుపట్టని ఉక్కు వాడకం మొదలయ్యాక, ఆ ఉక్కుకు ఫ్రెంచివారి పేరైన ‘ఇనాక్స్’ను తల్లి పేరు చివర కలిపారు. విక్టోరినాక్స్ అంటే ఒక తల్లి, ఒక లోహం.

ఇంతకీ క్రోమియం చేసే పనేమిటి? ఇనుము గాలిలోని ఆక్సిజన్‌తో కలిస్తే పుట్టే తుప్పు పొడిపొడిగా ఊడిపోతుంది, కింద ఉన్న ఇనుము మళ్లీ బయటపడుతుంది. క్రోమియం ఆక్సిజన్‌తో కలిస్తే గట్టిగా అంటుకునే పొర ఏర్పడుతుంది. దాని మందం ఒకటి నుంచి మూడు నానోమీటర్లు. మనిషి వెంట్రుక దానికి పదివేల రెట్ల కంటే ఎక్కువ మందం. గీత పడితే గాలి తగిలిన మరుక్షణం ఆ పొర తనంతట తానే మళ్లీ అల్లుకుంటుంది. ఇందుకు ఉక్కులో కనీసం 10.5 శాతం క్రోమియం ఉండాలి. ఉప్పులోని క్లోరైడు మాత్రం ఈ పొరకు చిల్లు పొడవగలదు. చిల్లు పడిన చోట లోతుగా, సూదిమొనంత గుంట తొలుచుకుపోతుంది. ‘స్టెయిన్‌లెస్’ చాకు మీద కనిపించే గోధుమరంగు చుక్కలు ఆ గుంటల నోళ్లే.

ఇక్కడే కార్బన్ అడ్డొస్తుంది. పదును నిలవాలంటే కార్బన్ కావాలి. కానీ కార్బన్ దొరికిన క్రోమియంను లాక్కుని గట్టి రేణువులుగా మార్చేస్తుంది. అలా బందీ అయిన క్రోమియం రక్షణకు పనికిరాదు. అందువల్ల పెట్టె మీద అచ్చువేసిన క్రోమియం శాతం చూసి మోసపోకూడదు. చవక మడత చాకుల్లో విరివిగా కనిపించే డీ2 ఉక్కులో క్రోమియం దాదాపు 12 శాతం, కార్బన్ ఒకటిన్నర. కార్బన్ తన వంతు తీసుకున్నాక మిగిలే క్రోమియం సముద్రపు గాలికి చాలదు. అమెరికాలో లారిన్ థామస్ అనే లోహశాస్త్రవేత్త రూపొందించగా 2021లో వచ్చిన మాగ్నాకట్ ఉక్కులో క్రోమియం 10.7 శాతమే. అయినా అది డీ2 కంటే ఎంతో బాగా తుప్పుకు ఓర్చుకుంటుంది. అందులో కార్బన్‌కు మేతగా వనేడియం, నియోబియం వేశారు. క్రోమియం స్వేచ్ఛగా మిగిలింది.

కార్బన్ బదులు నైట్రోజన్ వాడడం ఇంకో దారి. నైట్రోజన్ ఉక్కును గట్టిపరుస్తుంది, తుప్పుకూ ఎదురు నిలుస్తుంది. జర్మనీలో బేరింగుల కోసం తయారై అంతరిక్ష వాహనాల దాకా వెళ్లిన క్రోనిడర్ 30 ఈ కోవలోదే. అదే తరహా ఉక్కు ఎల్‌సీ200ఎన్ పేరుతో చాకుల్లోకి వచ్చింది. జపాన్‌లో తయారైన హెచ్1 ఉక్కులో కార్బన్ 0.15 శాతమే. పడవల మీద, మునక పనుల్లో వాడే చాకులకు దాన్ని తీసుకున్నారు. ఇవి ఉప్పునీటిలో నానినా పెద్దగా చలించవు. ధర మాత్రం చలింపజేస్తుంది.

వంటింటి స్టీలు చెంబు ఏళ్ల తరబడి మెరుస్తూనే ఉంటుంది కదా, దానితోనే చాకు చేస్తే పోలేదా అన్న ప్రశ్న సహజం. మంచి చెంబులో 18 శాతం క్రోమియంతో పాటు 8 శాతం నికెల్ ఉంటుంది. ఆ ఉక్కును కాచి చల్లార్చినా గట్టిపడే గుణం లేదు. దానితో అన్నం గరిటె చేయొచ్చు కానీ పదును నిలిచే చాకు చేయలేం.

అలుగు సంగతి సరే. మడత చాకుకు ఇంకో బలహీనత ఉంది, అది మడవని కత్తులకు లేదు. క్రోమియం పొర అల్లుకోవాలంటే ఆక్సిజన్ అందాలి. అలుగు తిరిగే మొల చుట్టూ, స్ప్రింగు కింద, పిడి రేకుల మధ్య సందుల్లో చేరిన ఉప్పునీటికి గాలి ఆడదు. అక్కడ ఆక్సిజన్ అయిపోతుంది, నీరు ఆమ్లంగా మారుతుంది, పొర మళ్లీ అల్లుకోలేదు. పైకి తళతళలాడే చాకు లోపల ముందుగా కుళ్లేది మొల దగ్గరే. తెరుస్తుంటే కరకరమన్న చప్పుడు వచ్చిందంటే అప్పటికే ఆలస్యమైంది. ఉప్పునీటి మధ్య ఇత్తడి రేకులూ మామూలు కార్బన్ ఉక్కూ ఒకదానికొకటి ఆనుకుని ఉంటే ఆ జత చిన్న బ్యాటరీలా పనిచేస్తుంది. అందులో కరిగిపోయేది ఉక్కే. పిడి వీపు తెరిచి ఉండి, సందుల్లోంచి అవతలి వెలుతురు కనిపించే చాకు ఈ తీరానికి మేలు. నీరు పోస్తే నిలవకుండా కారిపోవాలి.

ఉప్పు ఒక్కటే శత్రువు కాదు. పలాస-కాశీబుగ్గ పేరు చెబితే జీడిపప్పు గుర్తొస్తుంది. పిక్క పెంకులోని జీడి నూనెలో ప్రధానంగా ఉండేది అనకార్డిక్ ఆమ్లం. చేతికి తగిలితే బొబ్బలెక్కిస్తుంది. పిక్కకు పైనుండే పండులో ఆమ్లాలతో పాటు టానిన్లు ఉంటాయి. మామూలు ఇనుప చాకుతో జీడిపండు కోస్తే అలుగు నిమిషాల్లో నల్లబడుతుంది. శ్రీకాళహస్తి కలంకారీ పనివారు కరక్కాయ అద్దిన బట్ట మీద ఇనుము, బెల్లం ఊరబెట్టిన కసిం నీళ్లతో నలుపు తెప్పించేది కూడా ఇదే రసాయనంతో. ఆ నల్లని పూత హాని కాదు, నిజానికి కొంత కాపలా కాస్తుంది. ఉప్పుగాలి ముందు మాత్రం అది ఆగదు. పనసకాయ జిగురు ఇంకో రకం. అది తుప్పు పట్టించదు కానీ మొలలోకి చేరి గట్టిపడి, చెమ్మను లోపలే పట్టి ఉంచుతుంది. అందుకే పనస కోసేవాళ్లు చేతికీ కత్తికీ ముందే నూనె రాస్తారు. మడత చాకుకైతే మొల మీద కూడా ఒక చుక్క వేయాలి.

ఎవరికి ఏ చాకు అన్నది సముద్రం ఎంత దూరమన్న దాన్ని బట్టి ఉంటుంది. అలలు విరిగే చోటి నుంచి మొదటి కొన్ని వందల మీటర్లలోనే గాలిలోని ఉప్పు చాలావరకు రాలిపోతుంది. మహేంద్రగిరి వైపున్న మందసలోనూ భావనపాడు రేవులోనూ ఒకే చాకు ఒకేలా బతకదు. పెనుగాలి వీస్తే ఈ లెక్క తప్పుతుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను ఈ తీరాన్ని దాటినప్పుడు కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమయ్యాయి. అలాంటి గాలులు ఉప్పును కిలోమీటర్ల లోపలికి మోసుకుపోతాయి. తుఫాను వెలిశాక కత్తులు, చాకులు, పారలు అన్నిటినీ మంచినీటితో కడగడం మరచిపోకూడదు.

రోజూ వేటకు వెళ్లే జాలరికి, నౌపడ ఉప్పు మడుల్లో పనిచేసేవారికి నైట్రోజన్ ఉక్కు చాకు దొరికి, కొనగలిగితే అంతకన్నా మంచిది లేదు. అది అందకపోతే 15 శాతం దరిదాపు క్రోమియం, అర శాతం దరిదాపు కార్బన్ ఉన్న విక్టోరినాక్స్ తరహా మెత్తని ఉక్కు చాలు. పదును త్వరగా పోతుంది, సానరాయి మీద నాలుగు రాపిళ్లకు మళ్లీ వస్తుంది. పడవ మీద తుప్పు పట్టిన గట్టి చాకు కంటే పదును తగ్గిన శుభ్రమైన చాకే నయం. మందస, పలాస, టెక్కలి వైపు తోటపనులకు 14సీ28ఎన్, 12సీ27 వంటి స్వీడన్ ఉక్కులు సరిగ్గా సరిపోతాయి. కార్బన్ 0.6 శాతం దగ్గర, క్రోమియం పదమూడున్నర నుంచి పద్నాలుగు శాతం. మొదటిదానిలో కాస్త నైట్రోజన్ కూడా ఉంటుంది. ఫ్రాన్సులో జోసెఫ్ ఒపినెల్ 1890లో మొదలుపెట్టిన కర్రపిడి చాకుల్లో స్టెయిన్‌లెస్ రకం ఈ తరగతిదే. 1955 నుంచి వాటి మెడకు అమర్చిన లోహపు ఉంగరం తిప్పితే అలుగు వేళ్ల మీదికి మడుచుకోకుండా ఆగుతుంది. ఈ ప్రాంతంలో దానికున్న లోపం ఒక్కటే. వానాకాలంలో కర్రపిడి ఉబ్బి అలుగును బిగించేస్తుంది. డీ2 చాకును, మామూలు కార్బన్ ఉక్కు చాకును తీరం దగ్గర రోజువారీ వాడకానికి తీసుకోకపోవడమే మంచిది.

అలుగు నునుపు కూడా చూడాలి. అద్దంలా మెరిసేదాని మీద ఉప్పు నిలవదు. ఇసుకతో గరుకుచేసిన బూడిదరంగు అలుగు చూడ్డానికి బాగుంటుంది కానీ దాని గరుకులో ఉప్పు కూర్చుంటుంది. తిరిగే సానచక్రం మీద పట్టించేటప్పుడు అంచు నీలిరంగుకు తిరగనివ్వకూడదు. అలా రంగు మారిన చోట గట్టిదనమూ పోతుంది, తుప్పూ ముందుగా అక్కడే మొదలవుతుంది. సముద్రం దగ్గర పని ముగిశాక చాకును తెరిచి మంచినీటిలో కడిగి, గుడ్డతో తుడిచి, తెరిచే ఉంచి ఆరనివ్వాలి. మొలలో ఒక చుక్క కొబ్బరినూనె వేస్తే పండ్లు కోయడానికీ ఇబ్బంది ఉండదు.

చట్టం సంగతికొస్తే, ఆయుధాల నిబంధనలు 9 అంగుళాల కన్నా పొడవైన లేదా 2 అంగుళాల కన్నా వెడల్పైన కత్తులను ఇంటిపని, వ్యవసాయం వంటి పనులకు ఉద్దేశించినవి కాకపోతే ఆయుధాలుగా లెక్కిస్తాయి. జేబు చాకు అలుగు మూడు అంగుళాల దగ్గర ఉంటే చాలు. విమానం ఎక్కేటప్పుడు మాత్రం అది చేతిసంచిలో ఉండకూడదు.

కొనేటప్పుడు ఒక అయస్కాంతం వెంట తీసుకెళ్లండి. గిన్నెల దుకాణంలో అయస్కాంతం అంటుకుంటే నాసిరకమని పక్కన పెట్టేయడం మనకు అలవాటు. చాకుల దగ్గర లెక్క తిరగబడుతుంది. కాచి గట్టిపరిచిన స్టెయిన్‌లెస్ అలుగుకు అయస్కాంతం అంటుకోవాలి. అసలు అంటుకోకపోతే అది చాలావరకు చెంబు ఉక్కే, పదును నిలవదు. అంటుకుంటే సగం పరీక్ష గట్టెక్కినట్టే. తుప్పు పట్టే మామూలు ఉక్కుకు కూడా అంటుకుంటుంది కాబట్టి, మిగతా సగానికి అలుగు మొదట్లో చెక్కిన ఉక్కు పేరు చదవండి. ఏ పేరూ చెక్కని చాకును ఉప్పుగాలి ఊళ్లో కొనకండి.